పన్మక్తా ఊళ్లో పదకొండు నెలలు

రాయదుర్గం మెట్రో స్టేషన్ చుట్టుపక్కల ఆస్తి దస్తావేజులు చూస్తే, షెడ్యూలులో గ్రామం పేరు ‘రాయదుర్గ్ పన్మక్తా’ అనో ‘రాయదుర్గ్ పాయగా’ అనో కనిపిస్తుంది. నిజాం కాలపు భూమి హక్కుల పేర్లివి. పాయగా అంటే నిజాం కొలువులోని పెద్ద అమీరుల జాగీరు. పన్మక్తా అంటే ఏటా ఇంత అని ఖాయం చేసిన కొద్ది మొత్తం కట్టి అనుభవించే భూమి. పంట పండినా ఎండినా ఆ మొత్తం మారదు. కౌలుదారుకు అంతకన్నా నిబ్బరం ఏముంటుంది?

అదే నేల మీద ఇప్పుడు ఫ్లాటు కిరాయికి తీసుకుంటే అగ్రిమెంటు పదకొండు నెలలకే.

ఈ లెక్క బ్రిటిష్ ఇండియా చట్టాలది. 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. ఒక నెల తగ్గించి రాసుకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పేది. అలా దేశమంతటా పదకొండు నెలలు ఆనవాయితీ అయ్యాయి.

మన దగ్గర మాత్రం ఆ వెసులుబాటు 1999 ఏప్రిల్ 1న పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించి, గడువు ప్రస్తావనే తీసేసి, ‘స్థిరాస్తి కౌళ్లు’ అన్న మాటే ఉంచింది. అంటే ఎన్ని నెలలకు రాసుకున్నా లీజు పత్రం రిజిస్టరు కావాల్సిందే. తెలంగాణకు ఆ సవరణే వారసత్వంగా వచ్చింది. ఇక్కడి ఐటీకి నాంది అయిన సైబర్ టవర్స్ తెరుచుకున్నది 1998 నవంబరులో. కాబట్టి ఇక్కడ ఐటీ ఉద్యోగులు సంతకాలు చేసిన పదకొండు నెలల కాగితాలు దాదాపు అన్నీ ఆ కారణం పోయాక రాసినవే. కారణం పోయింది, అంకె మిగిలింది.

దీనివల్ల నష్టం ఎక్కువగా కిరాయిదారుకే. అదే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కావాల్సి ఉండీ కాని పత్రంలోని షరతులను కోర్టులో రుజువుగా చూపలేం. ఇంట్లో ఉంటున్నామని చూపడానికి, అలాంటి పక్క విషయాలకే అది పనికొస్తుంది. లాక్-ఇన్ గడువు, ఏటా పెంచే కిరాయి శాతం, రెండు నెలల నోటీసు అని ఎంత శ్రద్ధగా రాసుకున్నా అవి నిలవడం కష్టం. అప్పుడు వర్తించేది ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్: నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు. పిల్లల బడి మధ్యలో ఉన్న కుటుంబానికి పదిహేను రోజులు ఏ మూలకు?

అడ్వాన్సు ఇచ్చేముందు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదో తేల్చుకుని, ఓనరును వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక్క పూట వెళ్లి రండి.