ఆటపెట్టెలో ఆదితాళం

వేసవి సెలవులకి మా అక్క కొడుకు అమెరికా నుంచి బెజవాడ వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ వాడి చేతిలో ఒకటే ఆటపెట్టె. వాళ్ళ నాన్న ఎప్పుడో కొనుక్కున్న నింటెండో డీఎస్. మధ్యాహ్నం పూట వరండాలో చాపమీద బోర్లా పడుకుని, చిన్న పుల్లతో దాని అద్దం మీద పొడుస్తూ కూచుంటాడు.

"ఒరే, అన్నం చల్లారిపోతోంది. ఆ ఆట కట్టిపెట్టు!" అని కేకలేశాను.

"ఆట కాదు పిన్నీ, పాట!" అన్నాడు తలెత్తకుండా.

తీరా వంగి చూద్దును కదా, నిజంగా పాటే! జపానులో కోర్గ్ అని వాద్యాల కంపెనీ ఒకటి ఉంది. 1978లో వాళ్ళు ఎమ్మెస్-10 అనే సింథసైజర్ చేశారు. మెట్లూ, మరలూ, వైర్లూ ఉన్న పెద్ద పెట్టె అది. ఆ పోలికలోనే రెండు సింథసైజర్లు, వాటికి తోడు నాలుగు రకాల డప్పులూ కలిపి, 2008లో ఈ ఆటపెట్టెలోకి దించేశారు. దాని పేరు డీఎస్-10. వైర్లు కూడా అద్దం మీద బొమ్మలే. ఒక కన్నం నుంచి ఇంకో కన్నానికి పుల్లతో గీత గీస్తే చాలు, గొంతు మారిపోతుంది.

అంతకుముందు కూడా ఇలాంటివి ఉన్నాయి. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి ఒకేసారి పలికే గొంతులు నాలుగే నాలుగు. అయినా 1998లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆలివర్ విట్‌చౌ అనే విద్యార్థి దానికి నానోలూప్‌ని, 2000లో స్వీడన్ కుర్రవాడు యోహాన్ కొట్లిన్‌స్కీ లిటిల్ సౌండ్ డీజేని తయారుచేశారు. ఆట కంపెనీ చేయించినవి కావు సుమండీ, సొంత సరదాకొద్దీ చేసుకున్నవి. ఉన్న నాలుగు గిన్నెలతోనే పెళ్ళివంట చేసినట్టు, ఆ నాలుగు గొంతులతోనే కచేరీలు చేసినవాళ్ళున్నారు.

ఈలోగా అమ్మ వచ్చి వాడి పక్కన చతికిలబడింది. అద్దం మీద పదహారు గళ్ళున్నాయి. ఏ గడిలో పుల్ల ఆనిస్తే ఆ చోట మోగుతుంది.

"పదహారా? అయితే ఆదితాళం, రెండో కాలం!" అంది అమ్మ ఠక్కున.

నేను తెల్లబోయాను. అమ్మకి సంగీతం వచ్చని నాకే తెలీదు.

అవనిగడ్డ దగ్గర పల్లెలో అమ్మకి పన్నెండేళ్ళప్పుడు పక్కింట్లో ఒక హార్మోనిస్టు ఉండేవాడట. పట్టుమని పది సరళీస్వరాలు వచ్చాయో లేదో, తాతయ్య మాన్పించేశారు. "ఆడపిల్లకి నాటకాల పెట్టె ఏమిటి? రేడియోవాళ్ళే వద్దన్న పెట్టె!" అన్నారట.

తాతయ్య అన్నమాట అబద్ధం కాదు. హార్మోనియం ఐరోపాలో పుట్టి, కాళ్ళతో తొక్కే పెట్టెగా మన దేశానికి వచ్చింది. కలకత్తాలో దాన్ని చేత్తో తిత్తి ఊదేలా మార్చారు. మన కృష్ణా జిల్లాలో మైలవరం బాలభారతీ సమాజం లాంటి నాటక కంపెనీలు వెలిగిన రోజుల్లో అది లేకుండా పద్యం లేచేది కాదు. కానీ దాని స్వరాలు మెట్టుకి మెట్టు విడివిడిగా ఉంటాయనీ, మన గమకం పలకదనీ ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి దాన్ని బహిష్కరించింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పుడూ ఆ నిషేధం ఉంది. 1971లో గానీ సడలలేదు. అప్పటికి అమ్మకి పెళ్ళయిపోయింది, అక్క కూడా కడుపులో పడింది.

వింతేమిటంటే, అదే హార్మోనియం ఇవాళ మన సంప్రదాయం! పద్యనాటకం పేరెత్తితే ముందు దాని శ్రుతే చెవిలో మోగుతుంది. తంబురా బదులు కరెంటు శ్రుతిపెట్టె పెట్టుకుని కచేరీ చేసినా ఇప్పుడెవరూ ముక్కున వేలేసుకోరు. ఏ పెట్టె అయినా వచ్చినప్పుడు పరాయిదే. మనం వాయించగా వాయించగా మనదవుతుంది. ఆ వాయించే అవకాశమే అమ్మకి లేకపోయింది. ఇందాక నేను వేసిన కేక తాతయ్య కేకలాగే ఉందేమోనని మనసు చివుక్కుమంది.

వాడు పోర్టమెంటో అనే మర తిప్పి పుల్ల అమ్మ చేతికిచ్చాడు. అది తిప్పితే స్వరం నుంచి స్వరానికి గంతు వేయకుండా జారుతుందట. అమ్మ కళ్ళజోడు సర్దుకుని స, రి, గ, మ అంటూ ఒక్కొక్కటే తాకింది.

"జారుడైతే వచ్చింది గానీ గమకం రాలేదురా," అని పెదవి విరిచింది. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది.

రెండున్నర దాటింది. వాడు బుద్ధిగా వచ్చి పీట మీద కూచున్నాడు. ఈసారి అన్నానికి రమ్మని నేను కేకలు వేయాల్సి వచ్చింది అమ్మని!