ఓనమాల దగ్గర ఆగిన బిడ్డలు

గోదావరి ఒడ్డుననున్న బాసరకు పసిబిడ్డలను అక్షరాభ్యాసమునకు తీసికొనివచ్చు తల్లిదండ్రులు లేని దినము లేదు. బియ్యములో వ్రేలితో ఓనమాలు దిద్దించి సంతోషముతో వెళ్లుదురు. ఆ దిద్దుటతోనే చదువు ఆగిపోయిన బిడ్డలను గూర్చి ఈ శతవార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1866లో లాంగ్‌డన్ డౌన్ అను ఇంగ్లండు వైద్యుడు బుద్ధిమాంద్యము గల బిడ్డలలో ఒక విధమైన వారిని గుర్తించి వర్ణించెను. కారణము మాత్రము 1959 వరకు తెలియలేదు. ఆ యేట ఫ్రాన్సులో లెజూన్, ఆయన తోటివారు ఈ బిడ్డల కణములలో 21వ క్రోమోజోములు రెండుకు బదులు మూడున్నవని ప్రకటించిరి. ఇది తల్లి చేసిన పాపము కాదు, గ్రహణదోషము కాదు, మేనరికము వలన వచ్చినదియు కాదు. (మేనరికము వలన హెచ్చగు జబ్బులు వేరే కలవు. పెండ్లి ప్రకటనలు చదువునప్పుడు వాటి సంగతియు మనకు జ్ఞాపకముండవలెను.) అయినను పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్ననే మన పల్లెలు ఇంకను వేయుచున్నవి.

మన ప్రాంతపు చరిత్రలో వీరి చదువు ఆలస్యముగా మొదలైనది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో వెలసెను. మామూలు బడులలోనే వికలాంగ బాలురకు చోటియ్యవలెనను కేంద్ర పథకము 1974లో వచ్చెను. సికింద్రాబాదులో జాతీయ సంస్థ 1984లో ఏర్పడెను. మన్మాడు లైను రైలెక్కి అంత దూరము పోగలిగిన కూలివారు ఎందరు?

మా తప్పు కూడ చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక తల్లి పండ్రెండేండ్ల కుమారుని చెయ్యిపట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఒక బడివారు చేర్చుకొనమనిరట. మేము ప్రార్థనచేసి, పట్నములో హాస్టలు చూడుమని చెప్పి పంపితిమి. ఆ బాలుని సండేస్కూలులో మూడేండ్లవారితోనే కూర్చుండబెట్టితిమి. తరువాత భవిత కేంద్రపు ఉపాధ్యాయురాలు వారమునకొకసారి ఆ ఇంటికి వచ్చి గుండీలు పెట్టుకొనుట, నాణెములు లెక్కించుట నేర్పెను. వేదాంత కళాశాలలో మేము చదివిన చదువు ఆ పనికి కొరగాలేదు.

2016 చట్టము ప్రకారము, నలువది శాతము లేక అంతకు మించిన వైకల్యమున్నట్లు సర్టిఫికెట్టు గల బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడియైనను, ప్రత్యేక పాఠశాలయైనను కోరుకొనవచ్చును. పదునెనిమిది దాటిన తరువాత సంరక్షకుని నియమించుటకు, 1999 చట్టము క్రింద కలెక్టరుగారి అధ్యక్షతన జిల్లా కమిటీ యుండును. ఆ బాలుడు ఇప్పుడు యువకుడు. ఆదివారమున జంపఖానాలు పరచి, పాటల పుస్తకములు పంచును. అతని తల్లి కమిటీకి పెట్టవలసిన దరఖాస్తు మా బల్లమీదనే యున్నది. మేనమామ సంతకమొక్కటి కావలెను.