పాత కారునకు జీర్ణోద్ధారము



శిథిలమైన దేవాలయమును బాగుచేయుటకు మన పెద్దలు జీర్ణోద్ధారమని పేరిడిరి. అందు గర్భాలయపు కొలతలు మార్చరు; బీటవాఱిన దూలమును మాత్రము ఉంచరు. గుడి రూపము నిలువవలెను, దాని క్రింద నిలిచినవాని తలయు నిలువవలెను. పాతకాలపు మోటారుకారును బాగుచేయుటయు నిట్టి కార్యమే. ఇందులకు నిదర్శనముగా అంబాసిడరు కారు చరిత్రను దీసికొందము.

ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూఁడవ శ్రేణి కారు దీనికి మాతృక. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్సు కంపెనీ వంగదేశమందలి ఉత్తరపారా కర్మాగారమున 1950ల చివర దీని నిర్మాణము నారంభించి 2014 వఱకును సాగించెను. కచేరీల ముంగిటను, పెండ్లివారి వాకిటను, రైలు స్టేషనుల బయటను దీనిని జూడనివారు మనలో నుండరు. ఆ దీర్ఘకాలమున దీని యాకృతి యించుమించుగా మాఱలేదు. లోకము కారును గూర్చి నేర్చిన పాఠములు మాత్రము పెక్కులు.

మొదటి పాఠము ఆపుట. తొలి అంబాసిడరునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ఘాటు దిగునపుడు మాటిమాటికి బ్రేకు నొక్కినచో డ్రమ్ము వేఁడెక్కి వ్యాకోచించును. లోపలి పట్టీలకు పట్టు తగ్గును. కాలు క్రిందికి బోవును గాని కారు నిలువదు. పైగా నాలుగు చక్రములకు నూనెను బంపు వ్యవస్థ యొక్కటే. ఒక్కచోట గొట్టము పగిలిన అన్నియు వ్యర్థము. 1953లో ఫ్రాన్సు దేశమందలి లెమాన్ పందెమున జాగ్వారు కార్లు డిస్కు బ్రేకులతో జయించి, గాలి తగులు పళ్లెము వేడిమిని త్వరగా విడుచునని లోకమునకు నిరూపించినవి. కడపటి కాలపు అంబాసిడరులకును ముందు చక్రములకు డిస్కులు వచ్చినవి. కావున పాతదానికి తన వంశమువారి యవయవములనే యమర్పవచ్చును. అయితే డిస్కునకు కాలి బలము చాలదు. సహాయముగా వాక్యూము బూస్టరును, ముందు వెనుకలకు వేఱువేఱుగా నూనె బంపు జంట సిలిండరును గూడ నుండవలెను.

రెండవది కట్టు. వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలీన్ 1959లో మూఁడు చోట్ల బిగియు సీటు బెల్టును గల్పింపఁగా, ఆ కంపెనీ దానిని ఎల్లరు వాడుకొనుటకు విడిచినది. పాత కారున దీనిని బిగించుటలో మెలకువ కలదు. అంబాసిడరునకు వేఱు చట్రము లేదు, దేహమే చట్రము. తుప్పు దినిన రేకునకు బోల్టు బిగించినచో ఆపద వేళ బెల్టుతోఁ గూడ రేకే యూడివచ్చును. ముందు తుప్పును దొలఁగించి, రేకు వెనుక ఉక్కు పలకను వెల్డు చేసి, పిదప బెల్టు బిగింపవలెను.

మూఁడవది ఇంధనము. 1946లో మిషెలిన్ కంపెనీ పేటెంటు పొందిన రేడియలు టైరు దొరలునపుడు తక్కువ శక్తిని వ్యయపఱచును; రోడ్డును బాగుగ బట్టును. కనుక నీ యొక్క మార్పు పొదుపునకును రక్షణకును గూడ నుపకరించును. అరిగిపోవు ప్లాటినము పాయింటులకు మాఱుగా ఎలక్ట్రానికు ఇగ్నిషను పెట్టినచో నిప్పురవ్వ వేళ తప్పదు. సీసము గలిపిన పెట్రోలు 2000లో మన దేశమున నిలిచిపోయెను. ఆ సీసమే పాత ఇంజను వాల్వుల పీఠములను గాపాడుచుండెను గావున, ఇప్పుడు గట్టి లోహపు పీఠములు వేయించుట మేలు. నేఁటి పెట్రోలున 20 శాతము వఱకు ఎథనాలు గలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను జెఱచును. గొట్టము కారిన పొదుపు మాట యటుండ, అగ్నిభయమే కలుగును.

ఇచ్చట నొక హెచ్చరిక. 1990లలో 1,817 ఘన సెంటీమీటర్ల ఇసుజు ఇంజను అంబాసిడరునకు వచ్చినది. అది 1,489 ఘన సెంటీమీటర్ల పాత ఇంజను కంటె బలమైనది. దానిని దెచ్చి పాతదానియందు బిగించి, బ్రేకులను మాత్రము పూర్వమువలెనే విడుచువారు కలరు. పరుగు నేర్పి నిలుచుట నేర్పకుండుట యిది. వెచ్చింపఁదగిన ధనము కొంచెమైనచో, అది ముందుగా బ్రేకులకును, పిదప టైరులకును బెల్టులకును, కడపట ఇంజనునకును జేరవలెను.

ఇంజను మార్చుటకు రిజిస్టరు చేయు అధికారి యనుమతి కావలెను. మఱియు 2021 నాఁటి నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి, చట్రమునందును దేహమునందును ఇంజనునందును పెద్ద మార్పు లేని వాహనమునకే వింటేజి హోదా లభించును. కావున తన కారు ప్రదర్శనమునకా, ప్రయాణమునకా యని యజమాని ముందే నిశ్చయించుకొనవలెను. ప్రదర్శనమునకైనచో యథాతథముగ నుంచి మెల్లగా నడుపుట యుక్తము. ఆలుబిడ్డల నెక్కించుకొని పెద్ద రోడ్డు మీఁద బోవుటకైనచో మార్పు ధర్మము. తీసిన పాత భాగములను బాఱవేయక, పేరు వ్రాసి భద్రపఱచినచో చరిత్రకును లోపము రాదు.

పూర్వుల వస్తువును గౌరవించుటయనఁగా వారెఱుఁగని ప్రమాదమును గూడ భద్రపఱచుట కాదు. వారికీ విద్య తెలిసియుండిన వారే యీ బెల్టును గట్టియుందురు.