కాంతి జాలకంలో అతిశీతల పరమాణువులు
రాగి ఆక్సైడు స్ఫటికాల్లో ఒకదాన్నొకటి నెట్టుకునే ఎలక్ట్రాన్ల తీరు లెక్కకు లొంగదు. 1963లో జాన్ హబ్బర్డ్ ఇచ్చిన నమూనాలో ఉన్నవి రెండే: పక్క గడిలోకి దూకడం, ఒకే గడిలో రెండుంటే అదనపు శక్తి ఖర్చవడం. ఇంత సరళమైనదీ మొండికేస్తుంది. అందుకే ఎదురెదురు లేజర్లతో కోడిగుడ్ల అట్టలాంటి గుంటలు సృష్టించి, నానోకెల్విన్లకు చల్లార్చిన పరమాణువులను ఎలక్ట్రాన్లకు బదులుగా ఉంచుతారు.

గిలకలదిండి రేవులో పడవలు అంచులు రాసుకునేలా నిండితే ఏదీ కదలదు. ఒకటి బయటికెళ్తేనే పక్కది జరుగుతుంది. గుంటకొక పరమాణువున్న మాట్ అవాహకం అలాంటిదే. 2002లో మ్యూనిక్‌లో గ్రైనర్, బ్లాఖ్, హెన్ష్ బృందం రుబీడియంతో దాన్ని చూపింది. ఎలక్ట్రాన్లలా ఫెర్మియానైన పొటాషియం-40తో 2008లో కుదిరింది. 2017లో హార్వర్డ్ సూక్ష్మదర్శినిలో లిథియం-6 స్పిన్‌లు ఒకటి పైకి, పక్కది కిందికి వరుస తీరి గుంటగుంటకూ కనిపించాయి. ఆ వరుసలో రెండు పరమాణువులున్న ఒక గుంట చుట్టూ స్పిన్‌ల అమరిక చెదరడాన్ని 2019లో మ్యూనిక్‌లో చూశారు.