వెనిస్: పోటు ఆగింది, వలస ఆగలేదు

ఇటలీ దేశపు ఈశాన్య తీరంలో, అడ్రియాటిక్ సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఉప్పునీటి సరస్సు నడుమ, నూటికి పైగా చిన్న దీవులపై వెలసిన ప్రాచీన నగరం వెనిస్. వీధులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు గల ఈ నగరాన్నీ, దాని చుట్టూ ఉన్న సరస్సునూ కలిపి యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. చూడవచ్చే జనం పెరుగుతున్న కొద్దీ కాపురముండే జనం తరిగిపోవడం ఈ నగరపు నేటి సమస్య. సముద్రపు పోటును యంత్రాలతో అడ్డుకోగలిగిన వెనిస్, తన ప్రజల వలసను మాత్రం ఇంకా అడ్డుకోలేకపోతున్నది.

నిర్మాణం, చరిత్ర

వెనిస్ సరస్సు వైశాల్యం సుమారు 550 చదరపు కిలోమీటర్లు. మన చిలికా, పులికాట్ సరస్సుల వలెనే దీనికీ సముద్రానికీ నడుమ సన్నని ఇసుక దిబ్బలు ఉన్నాయి. లీడో, మలమొక్కో, కియోజ్జా అనే మూడు ముఖద్వారాల గుండా సముద్రపు నీరు నిత్యం వచ్చి పోతుంటుంది. రోమన్ సామ్రాజ్యం కూలిన కాలంలో దండయాత్రలకు వెరచిన ప్రజలు ప్రధాన భూభాగాన్ని విడిచి ఈ దీవులను ఆశ్రయించారు. బురద నేలలో కొయ్య గుంజలను దగ్గర దగ్గరగా దిగగొట్టి, వాటిపై రాతి పునాదులు వేసి భవనాలు కట్టారు. గాలి సోకని బురదలో కొయ్య త్వరగా కుళ్ళదు. శతాబ్దాల నాటి మేడలు నేటికీ ఆ గుంజలపైనే నిలిచి ఉండడానికి కారణం ఇదే.

మధ్యయుగాలలో వెనిస్ స్వతంత్ర గణరాజ్యం. సుగంధ ద్రవ్యాలు, పట్టు, గాజు వర్తకంతో అది అపార సంపద గడించింది. 1797లో నెపోలియన్ సేనల రాకతో ఆ గణరాజ్యం అంతరించింది.

ఈ నగరానికీ తెలుగు నేలకూ ఒక పాత పరిచయం ఉంది. వెనిస్ వర్తకుడైన మార్కో పోలో (1254–1324) తన యాత్రా వృత్తాంతంలో మోటుపల్లి రాజ్యాన్ని గురించి వ్రాశాడు. అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను, న్యాయంగా పాలించిన ఒక రాణిని ప్రశంసించాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. ఆమె తండ్రి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ కల్పిస్తూ 1244లో అభయ శాసనం వేయించినదీ ఆ మోటుపల్లిలోనే.

సంప్రదాయాలు

వెనిస్ పడవకు గొండోలా అని పేరు. దాదాపు 11 మీటర్ల పొడవు గల ఈ నల్లని పడవను ఎనిమిది రకాల కలపతో, సుమారు 280 ముక్కలుగా కోసి కూరుస్తారు. సరంగు వెనుక నిలబడి ఒకే తెడ్డుతో నడుపుతాడు గనుక, పడవ ఒకవైపునకు తిరిగిపోకుండా ఎడమ పక్కను కుడి పక్క కంటె వెడల్పుగా చేస్తారు. ఈ వృత్తి చిరకాలం పురుషులదే. 2010లో తొలిసారిగా ఒక మహిళ గొండోలా నడిపే అర్హత పొందింది.

గాజు పని మురానో దీవికి చెందినది. కొలుముల వలన నగరానికి అగ్నిభయం కలుగుతుందని 1291లో గాజు బట్టీలను ఆ దీవికి తరలించారు. గాజు పూసల తయారీ కళను యునెస్కో 2020లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

పండుగలలో ముఖ్యమైనది రెదెంతోరె. 1575–77 నాటి మహమ్మారి వేలాది మందిని బలిగొన్నప్పుడు, వ్యాధి శాంతిస్తే ఆలయం కట్టిస్తామని నగర పాలకులు మొక్కుకున్నారు. ఆ మొక్కు ప్రకారం జూదెక్కా దీవిలో వెలసినదే రెదెంతోరె ఆలయం. ఏటా జూలై మూడవ ఆదివారం నాటికి కాలువపై తాత్కాలిక వంతెన వేస్తారు. దానిమీదుగా జనం ఆలయానికి నడిచి వెళతారు. ముందు రాత్రి కుటుంబాలు పడవలలో కూర్చుండి భోజనాలు చేస్తూ బాణసంచా చూస్తాయి. పర్యాటకులు ఎందరు వచ్చినా, స్థానికులు తమదిగా భావించే పండుగ ఇది.

నీటికి గేట్లు

శరదృతువులోను, శీతకాలంలోను దక్షిణపు గాలులు వీచినప్పుడు పోటునీరు నగరంలోకి పొంగుతుంది. 1966 నవంబరు 4న నీటిమట్టం 194 సెంటీమీటర్లకు చేరింది. 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లు నమోదైంది. ఈ బెడద నివారణకు చేపట్టిన పథకం మోజె. మూడు ముఖద్వారాల వద్ద మొత్తం 78 బోలు ఉక్కు గేట్లను సముద్రపు అడుగున అమర్చారు. మామూలు రోజులలో అవి నీటితో నిండి అడుగున పడి ఉంటాయి. పెద్ద పోటు రానున్నదని తెలియగానే వాటిలోనికి గాలిని పంపి నీటిని బయటకు నెడతారు. అప్పుడు గేట్లు తేలికై పైకి లేచి సముద్రాన్ని అడ్డుకొంటాయి.

2003లో ప్రారంభమైన పనులకు 500 కోట్ల యూరోలకు పైగా వ్యయమైంది. 2014లో అవినీతి కేసులలో పలువురు అరెస్టు కావడంతో ఈ పథకం అపకీర్తి పాలయింది. తుదకు 2020 అక్టోబరు 3న గేట్లు తొలిసారి పోటును ఆపాయి. అయితే అదే ఏడాది డిసెంబరు 8న వాతావరణ అంచనా తప్పడంతో గేట్లు ఎత్తలేదు. నీరు 138 సెంటీమీటర్లకు చేరి వీధులు మునిగాయి. యంత్రం ఎంత గొప్పదైనా సకాలంలో సరియైన అంచనా లేనిదే ఫలం లేదని ఆ ఘటన తెలిపింది. నగరంలో అతి పల్లపు చోటైన సెయింట్ మార్క్ కూడలిలో చిన్న పోటుకే నీరు చేరుతుంది. అందుచేత అక్కడి ప్రాచీన ఆలయం చుట్టూ 2022లో గాజు అడ్డుగోడ నిర్మించారు.

జనానికి రుసుము

మరొక పోటు పర్యాటకులది. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవారితో ఇరుకు సందులు, వంతెనలు కిక్కిరిసిపోతున్నాయి. 2019 జూన్‌లో ఒక భారీ విహార నౌక అదుపుతప్పి రేవును, పర్యాటకుల పడవను ఢీకొనగా కొందరు గాయపడ్డారు. 2021 ఆగస్టు 1 నుండి 25,000 టన్నులకు మించిన నౌకలు సెయింట్ మార్క్ కూడలి ముందునుండి వెళ్ళడాన్ని ప్రభుత్వం నిషేధించింది.

నగర పాలక సంస్థ 2020లో ఒక నియంత్రణ కేంద్రాన్ని నెలకొల్పింది. కెమెరాల ద్వారాను, మొబైల్ ఫోన్ల సంకేతాల ద్వారాను ఎక్కడ ఎంత జనం ఉన్నదీ అక్కడ లెక్కిస్తారు. 2024లో 29 రోజులపాటు, ఒక్కరోజు సందర్శకుల నుండి 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చేశారు. ముందుగా ఇంటర్నెట్‌లో సొమ్ము చెల్లించి, ఫోనులో క్యూఆర్ కోడ్ చూపాలి. స్థానికులకు, అక్కడ చదివేవారికి, పనిచేసేవారికి, రాత్రి బసచేసే అతిథులకు రుసుము లేదు. ఆ ఏడాది సుమారు 4,85,000 మంది చెల్లించగా 24 లక్షల యూరోలు సమకూరాయి. 2025లో దీనిని 54 రోజులకు పెంచారు. ఆలస్యంగా చెల్లించేవారికి రుసుము 10 యూరోలు.

ఈ రుసుము రద్దీని తగ్గించలేదనీ, నగరానికి ప్రదర్శనశాల రూపం తెచ్చిందనీ స్థానికులు పలువురు విమర్శించారు. రద్దీని క్రమబద్ధం చేయడానికి ఇది తొలి మెట్టు మాత్రమేనని పాలకుల సమాధానం.

తరిగే కాపురాలు

1951లో ప్రాచీన నగరంలో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022లో వారి సంఖ్య 50,000 లోపునకు పడిపోయింది. 2008 నుండి ఒక మందుల దుకాణం కిటికీలో నగర జనసంఖ్యను చూపే ఎలక్ట్రానిక్ పలక వెలుగుతున్నది. పర్యాటకులకు ఏర్పరచిన పడకల సంఖ్య నివాసుల సంఖ్యను మించినట్లు 2023లో పౌర సంఘాలు లెక్కగట్టాయి.

కారణాలు తెలియనివి కావు. ఇల్లు కుటుంబానికి అద్దెకిస్తే వచ్చే రాబడి కంటె పర్యాటకులకు రోజు అద్దెకిస్తే వచ్చేది ఎక్కువ. ఇంటర్నెట్ ద్వారా గదులు కుదుర్చుకునే ఏర్పాటు వచ్చాక ఈ మార్పు మరింత వేగవంతమైంది. కాపురాలు తరిగిన చోట రొట్టెల అంగడి పోయి ముఖతొడుగులు అమ్మే దుకాణం వస్తుంది. పిల్లలు లేని చోట బడి నిలవదు. పర్యాటకానికి వెలుపల ఉద్యోగాలు తక్కువ గనుక యువకులు ఎదుటి తీరాన ఉన్న మెస్త్రె పట్టణానికి తరలిపోతున్నారు. వెనిస్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చవలెనని నిపుణులు 2021లోను, 2023లోను సూచించినా యునెస్కో కమిటీ చేర్చలేదు.

వారసత్వం అనగా మేడలు మాత్రమే కాదు. పడవ కట్టే చేయి, గాజు ఊదే ఊపిరి, రెదెంతోరె రాత్రి తాతతో పడవలో కూర్చుండే మనుమడు కూడా వారసత్వమే. మార్కో పోలో వర్ణించిన మోటుపల్లి రేవు వైభవం ఏనాడో అంతరించింది. నేడది బాపట్ల జిల్లాలో ఒక గ్రామం. అయినా అక్కడ జనం ఉన్నారు, ఊరు ఊరుగానే ఉంది. మార్కో పోలో పుట్టిన నగరంలో మేడలన్నీ చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి. వాటిలో దీపం వెలిగించే కుటుంబాలు నిలుస్తాయా అన్నదే వెనిస్ ముందున్న ప్రశ్న.