ఆరంగుళాల తెర మీద తెలుగు పుస్తకం

అమెరికాలో తెలుగు పుస్తకం ఎప్పుడూ దూరాభారపు వ్యవహారమే. 1962 నుంచి అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు తెలుగు పుస్తకాలు గోధుమల పుణ్యాన చేరాయి. పబ్లిక్ లా 480 కింద భారతదేశానికి అమ్మిన ధాన్యం బాకీ రూపాయల్లో జమ అయ్యేది. ఆ సొమ్ముతోనే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని షికాగో, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలకు పంపేది. ఆ గ్రంథాలయాలు అందుబాటులో లేని పాఠకుడికి ఇండియా ప్రయాణమే దిక్కు. ఎన్ని పుస్తకాలు తెచ్చుకోవాలో నిర్ణయించేది అతని అభిరుచి కాదు, సూట్‌కేసు బరువు.

2007 నవంబరు 19న అమెజాన్ 399 డాలర్లకు కిండిల్‌ను విడుదల చేసినప్పుడు ఈ ఇబ్బందికి విరుగుడు దొరికినట్టే కనిపించింది. 300 గ్రాములైనా తూగని పరికరంలో సుమారు 200 పుస్తకాలు పడతాయి. ఎం.ఐ.టి. పరిశోధనల నుంచి పుట్టిన ఎలక్ట్రానిక్ సిరా తెర వెనకనుంచి వెలుగు చిమ్మదు, కాగితంలాగే గదిలోని వెలుతురుతో చదివిస్తుంది. చత్వారం వచ్చినవారు అక్షరాలను కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. ఇంగ్లీషు పాఠకుడికి ఇంతకంటే వాదన అక్కరలేదు.

తెలుగు పాఠకుడి లెక్క వేరు. అక్షరం పెద్దదై, వరుసలు వాటంతట అవే సర్దుకోవాలంటే పుస్తకం అక్షరాలుగా ఉండాలి, బొమ్మగా కాదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. అమెరికా తెలుగువారికి కంప్యూటరు తెర మీద తెలుగు కొత్త కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణతో వారు 90లలోనే ఉత్తరాలు రాసుకున్నారు, 1998లో ‘ఈమాట’ పత్రికను మొదలుపెట్టారు. అయితే హైదరాబాదు, విజయవాడ ప్రచురణకర్తలు చాలాకాలం యూనికోడ్‌తో పొసగని డీటీపీ ఫాంట్లలోనే పుస్తకాలు కూర్చారు. ముద్రణకు పనికొచ్చే ఆ ఫైళ్ళు ఈ-పుస్తకాలుగా తేలిగ్గా మారవు. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు తలుపు తీసింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు.

మరోవైపు పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉచితంగా అందాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడైన రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో ఇండియాలోని గ్రంథాలయాల పుస్తకాలను స్కాన్ చేశారు. వాటి ప్రతులు ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఎక్కడా దొరకని శతకాలు, నాటకాలు, స్వీయచరిత్రలు న్యూజెర్సీలో ఉన్నవాడికీ దొరుకుతున్నాయి. కాని అవన్నీ పుటల బొమ్మలు. ఆరంగుళాల తెర మీద పుట కుదించుకుపోతుంది, వత్తులు అలుక్కుపోతాయి. పెద్దది చేస్తే వరుస సగం తెర దాటిపోయి, ప్రతి వాక్యానికీ పుటను అటూ ఇటూ జరపవలసి వస్తుంది. పీడీఎఫ్‌లకు అనువైన 9.7 అంగుళాల కిండిల్ డీఎక్స్ 2009లో వచ్చింది. దాని ధర 489 డాలర్లు.

ఇంకో చిక్కు యాజమాన్యానిది. 2009 జులైలో, అమ్మినవారికి హక్కులు లేవని తేలిన ఆర్వెల్ నవలలు ‘1984’, ‘యానిమల్ ఫార్మ్’ ప్రతులను అమెజాన్ కొన్నవారి కిండిల్‌ల నుంచి చెరిపేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, బెజోస్ క్షమాపణ చెప్పాడు. అయినా అమ్మిన పుస్తకాన్ని అంగడివాడు ఇంట్లోంచి తీసుకుపోగలడని లోకానికి తెలిసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు పాఠకులకు డబ్బు తిరిగి వచ్చింది గాని పుస్తకాలు మాయమయ్యాయి. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటరులోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా పరికరంలోకి ఎక్కించుకునే సదుపాయమూ పోయింది. సూట్‌కేసులో వచ్చిన పుస్తకం సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. విదేశంలో చట్టబద్ధంగా అచ్చయిన ప్రతిని కొన్నవాడు అమెరికాలో దాన్ని అమ్ముకోవచ్చునని 2013లో కిర్ట్‌సాంగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విజయవాడలో కొన్న నవలను డాలస్‌లో ఎరువివ్వడానికి గాని, గ్రంథాలయానికి దానమివ్వడానికి గాని, పిల్లలకు వదిలివెళ్ళడానికి గాని ఎవరి అనుమతీ అక్కరలేదు.

కనుక ఇంగ్లీషు కోసమైతే చిన్న ఈ-రీడర్ కొనడం తెలివైన పనే. తెలుగు కోసమైతే పది అంగుళాలకు తగ్గని తెర కావాలి. అందులో చదవవలసినవి ఆర్కైవ్‌లోని పాత పుస్తకాలు, వాటి ప్రతులు పాఠకుడి సొంత డిస్కులో కూడా ఉండాలి. ఇప్పుడు రాస్తున్న రచయితల పుస్తకాలు యూనికోడ్ అక్షరాల్లో, తాళం లేని ఫైళ్ళుగా అమ్మకానికి వచ్చేదాకా అచ్చుప్రతులనే కొనడం మేలు. సూట్‌కేసులో ఇంకా కొంత చోటు ఉంచుకోక తప్పదు.