ఒకటో పాయింటు ఎవరిది?

రసాల సీజన్ వస్తే కృష్ణా జిల్లా ఉంగుటూరు వైపు కబుర్లన్నీ కాపు, ధర, గాలివానల మీదే. సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ పడిందంటే మాత్రం డిగ్రీ చదివిన పిల్లలున్న ఇళ్లలో వేరే లెక్క మొదలవుతుంది. మొత్తం పోస్టులెన్ని, మన కేటగిరీకి ఎన్ని, అందులో ‘డబ్ల్యూ’, అంటే మహిళలవి, ఎన్ని?

ఆ ‘డబ్ల్యూ’ 1984 నాటిది. ఎన్టీఆర్ ప్రభుత్వం ప్రత్యక్ష నియామకాల్లో మహిళలకు కనీసం 30 శాతం ఇవ్వాలని నిర్ణయించింది. అదే రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసుల నిబంధనల్లో 22-ఎ అయింది. అందులో మూడు మెట్లున్నాయి. మహిళలే మెరుగ్గా చేయగల పోస్టుల్లో వారికి ప్రాధాన్యం. స్త్రీ పురుషులిద్దరూ సమానంగా తగిన పోస్టుల్లో ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ ఒక్కో కేటగిరీలోనూ 30 శాతం. మహిళలకే కేటాయించిన పోస్టుల్లో మహిళలే. గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసు పోస్టు ఈ మూడో రకానిదే.

గొడవంతా రెండో మెట్టు దగ్గరే. ప్రభుత్వ ఉద్యోగాల్లో లింగభేదం చూపరాదని రాజ్యాంగం 16(2) అధికరణం చెబుతోంది. రిజర్వేషన్‌కు వీలిచ్చే 16(4) వెనుకబడిన తరగతుల మాటే ఎత్తింది గాని మహిళల మాట ఎత్తలేదు. అలాంటప్పుడు ఈ 30 శాతం ఎలా చెల్లుతుంది? వినడానికి పదునైన వాదనే. హైకోర్టులో ఆ నిబంధన నిలవలేదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 మే 12న విజయకుమార్ కేసులో తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్, ఆ కోర్టుకు వచ్చిన రెండో మహిళా న్యాయమూర్తి. మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చన్న 15(3)లో ఉద్యోగాలూ భాగమేనని, ఉద్యోగం ఇవ్వకుండా సమానత్వం గురించి మాట్లాడటం కుదరదన్న ధోరణిలో ఆమె 22-ఎను నిలబెట్టారు. మరుసటి ఏడాదే ఆ వాటా మూడో వంతుకు పెరిగింది.

కోర్టులో నిలిచిన వాటాను ఆచరణలోకి తెచ్చింది రోస్టర్. వంద గళ్ల పట్టిక అది. అప్పట్లో ఒకటో పాయింటు ఓసీ మహిళకు, రెండోది ఎస్సీ మహిళకు, మూడోది ఓసీ జనరల్‌కు, నాలుగోది బీసీ-ఎ మహిళకు ఉండేవి. ఇప్పుడు కార్పొరేట్ కంపెనీలు ‘డైవర్సిటీ’ పేరుతో పెద్ద హోదా, పెద్ద జీతం ఇచ్చి ఒకరికి అప్పగిస్తున్న పనిని మన సెక్షన్ గుమాస్తా ఓ కాగితం, స్కేలుబద్దతో నడిపించాడు.

ఆ గళ్లలోనే చిక్కు దాగుంది. 30 ఓసీ పోస్టులనుకోండి. పాత పద్ధతిలో 10 పాయింట్లు మహిళలకు విడిగా ఉండేవి, మిగతా 20లోనూ వాళ్లు పోటీ పడేవారు. అక్కడ 8 మంది నెగ్గితే మొత్తం 18. ఒకే పోస్టుంటే ఒకటో పాయింటు కింద అది నేరుగా మహిళకే వెళ్లేది. పురుష అభ్యర్థుల కడుపుమంట ఇదే. కొత్త పద్ధతిలో ముందు మెరిట్ జాబితా వేస్తారు. అందులో 10 మంది మహిళలుంటే ఇక కలపరు, తగ్గితే ఆ తక్కువైన మేరకే కలుపుతారు. మొదటిది నిలువు, రెండోది సమాంతరం.

మహిళా రిజర్వేషన్ సమాంతరమేనని 2007లో రాజేశ్ కుమార్ దారియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు రాజస్థాన్‌ది. మనకు ఆ సంగతి ఒంటబట్టడానికి మరో పదహారేళ్లు పట్టింది: ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఆగస్టులో, తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వులొచ్చాయి. ఈలోగా ఎన్ని నోటిఫికేషన్లు కోర్టు మెట్లెక్కాయో, ఎందరి వయసు దాటిపోయిందో పోటీ పరీక్షలు రాసేవాళ్లకు తెలుసు. ఈ జాప్యానికి సాకు లేదు. నిబంధన తెచ్చిన ధైర్యం ప్రభుత్వాలది. దాన్ని సరిగా లెక్కపెట్టని బద్ధకం కూడా వాటిదే.

ఉత్తర్వులొచ్చినా పేచీ తీరలేదు. 2025 ఫిబ్రవరి 23న ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 మెయిన్స్, రోస్టర్ మీద అభ్యర్థుల ఆందోళన మధ్యే జరిగాయి.